తోడు ఆపిన బండి

భయమంటే సిగ్గుపడే మనుషుల్ని పన్నెండు మందిని పోగేసి, వాళ్ళ చేత భయాన్ని కొలిపించారు డాక్టర్ ఉమాకాంతం గారు. ఆయన చేసిన తప్పు అదొక్కటే. మిగతాదంతా మేం చేసుకున్నదే, అందులోనూ పెద్ద వాటా నాది. ఇది చెబుతుంటే ఇప్పటికీ నా అరచేతులు తడుస్తున్నాయి. అయినా ఎవరో ఒకరు చెప్పాలి కదా, మావాళ్ళలో మగాళ్ళు తమంతట తాము చెప్పరు.

నా పేరు నూకరత్నం. పద్దెనిమిదో ఏట మా మావయ్య మోటార్ సైకిల్ ఆయనకి తెలీకుండా తోసుకెళ్ళి నేర్చుకున్నాను. ముప్ఫై ఏళ్ళయింది, దిగలేదు. పెళ్ళయ్యాక కూడా నేను నడిపేదాన్ని, మా ఆయన వెనక కూర్చునేవాడు. జనం నవ్వితే, "దానికొచ్చు, నాకు రాదు, ఇందులో నవ్వడానికి ఏటుంది?" అనేవాడు. మంచి మనిషి. జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. ఇంట్లో నేనూ, నా కూతురు హైమా మిగిలాం. అప్పటికి దానికి పదేళ్ళు.

దానికి పదమూడు నిండాక దొరికింది నాకీ ఉద్యోగం. అరకు ఘాట్ కింద ఒక పాత గోగునార గోదాములో ప్రయోగశాల పెట్టారు. బండి నడపడమే పని. పొద్దున్నే ఇరవై మూడు మలుపులు ఎక్కాలి, దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఆకలిగొన్నవాడికి అన్నం దొరికినట్టు సంబరపడ్డాను.

మొదటి రోజు ఉమాకాంతం గారు మా పన్నెండు మందినీ కూర్చోబెట్టి, తన తమ్ముడి సంగతి చెప్పారు. అదే ఘాట్‌లో మలుపు తిరుగుతుంటే లారీ ఎదురొచ్చింది. లారీవాడు ఆపేశాడు. కుర్రాడు బెదిరిపోయి ముందు బ్రేకు బిగించేశాడు, చక్రం జారి లోయలోకి పోయాడు. "లారీ చంపలేదమ్మా. వాడి చెయ్యే చంపింది," అన్నారు. "భయం బుర్ర కంటే ముందు అరచేతికి తెలుస్తుంది. ఆ క్షణంలో బండిని ఆ చేతిలోంచి తీసుకోగలిగితే చాలు."

హ్యాండిల్ పిడులకి పల్చటి పట్టీలు చుట్టారు. చెమట, నాడి, పట్టు, మూడూ చూస్తాయవి. ఎడమ బొటనవేలి కింద ఒక మీట పెట్టారు. భయం వేసినప్పుడల్లా అది నొక్కాలి. నొక్కినప్పుడు చెయ్యి ఎలా ఉందో యంత్రం గుర్తు పెట్టుకుంటుంది. నొక్కనప్పుడు ఎలా ఉన్నా సరే, అది భయం కాదని గుర్తు పెట్టుకుంటుంది. ఇంతే ప్రయోగం. చిన్నపిల్లకి రంగులు నేర్పినట్టు దానికి భయం నేర్పాలి.

సాయంత్రం గోదాము ముందు బెంచీల మీద మేం టీ తాగుతుంటే, ఎవరెన్నిసార్లు నొక్కారో సహాయకుడు పైకి చదివేవాడు. అక్కడే కొంప మునిగింది. మాలో పెద్దవాడు ఎల్లాజీ అన్న. స్పేర్ పార్టుల కొట్టు నడుపుతూ, బండ్లవాళ్ళ సంఘానికి పెద్దగా ఉండేవాడు. ఆయన మొదటి రోజే నవ్వుతూ ఒక కట్టడి పెట్టాడు: ఎక్కువసార్లు నొక్కినవాడు మిగతా పదకొండు మందికీ టీ అందించి, గ్లాసులు కడగాలి. ఆ రోజు నాలుగుసార్లు నొక్కిన ఒకాయన గ్లాసులు కడిగాడు. రెండో రోజు నుంచి అందరివీ సున్నాలే.

నాదీ సున్నాయే. పన్నెండు మందిలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. నేను గ్లాసులు కడిగితే "ఆడది కదా మరి" అనేస్తారు. ఓసారి వానలో వెనక చక్రం అడ్డంగా జారి, నా మోకాలికి జానెడు దూరంలో లోయ కనబడింది. నోట్లో తడారిపోయింది. బొటనవేలు మాత్రం మీట మీదికి పోనివ్వలేదు. చచ్చినా నొక్కను అనుకున్నాను. నా చేతిలో ఉన్న ఆ వణుకంతా భయం కాదని యంత్రం శ్రద్ధగా నేర్చుకుంది.

మూడో నెలలో ఓ పొద్దున్న, నేను ఘాట్ సగంలో ఉండగా హెల్మెట్‌లో ఫోన్ మోగింది. హైమ బడికి రాలేదట. ఎక్కడుందో తెలీదట. కిందికి దిగేలోపు ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలీదు, వేలు దానంతటదే నొక్కేసింది. తీరా అది స్నేహితురాలింట్లో కూర్చుని ఉసిరికాయలు తింటోంది. ఆ సాయంత్రం సహాయకుడు చదివాడు: "నూకరత్నం, పదకొండు."

అందరూ గొల్లున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడ్డాను. "నా ప్రాణానికి భయపడి నొక్కలేదు నేను. నా పిల్ల కోసం నొక్కాను. పిల్ల కోసం భయపడ్డం పిరికితనం అనేవాడు ఎవడో లేవండి, మొహం చూస్తాను."

ఒక్కడూ లేవలేదు. ఎల్లాజీ అన్న తలొంచుకుని, "తప్పయిపోయింది చెల్లమ్మా. ఇంట్లోవాళ్ళ కోసం భయపడితే లెక్కలోకి రాదు," అన్నాడు. ఆ మాటతో గట్టు తెగింది. మర్నాటి నుంచి మగాళ్ళూ నొక్కడం మొదలెట్టారు. ఒకాయన పెళ్ళానికి ఆపరేషన్, ఒకాయన తండ్రికి ఆయాసం. లోపల ఎంత పేరుకుపోయిందో పాపం, మలుపు మలుపుకీ నొక్కేవారు. ఉమాకాంతం గారి మొహం వెలిగిపోయింది. "ఇప్పటికి నిజాయితీగా నొక్కుతున్నారు," అన్నారు. ఎవరి కోసం నొక్కుతున్నామో ఆయన అడగలేదు, మేం చెప్పలేదు.

ఆ యంత్రానికి తోడు అని పేరు పెట్టారు. రెండేళ్ళలో చట్టం వచ్చింది. ప్రతి టూవీలర్‌కీ తోడు ఉండాలి. చెయ్యి భయపడితే అది మెల్లగా వేగం తగ్గించి, బండిని పక్కకి తీసి, చక్రాలు బిగించేస్తుంది. అదే చెయ్యి పది నిమిషాలు నెమ్మదిగా ఉంటే తప్ప వదలదు. వేరే మనిషి పట్టుకుంటే వాళ్ళ చెయ్యి చూసి వదులుతుంది. అరచెయ్యి తగలకపోతే బండి కదలనే కదలదు. పీకితే ఇంజను పనిచెయ్యదు, లైసెన్సు జన్మలో తిరిగి రాదు. ఉన్నమాట చెప్పాలి, ప్రమాదాలు తగ్గాయి. తమవాళ్ళ కోసం దెబ్బలాటకి పరిగెత్తేవాళ్ళూ, ఇంటి మీద బెంగతో పరాకుగా నడిపేవాళ్ళూ ఆగిపోయారు. అది పనిచేస్తోందని ఊరంతా నమ్మింది. నేనూ నమ్మాను.

హైమకి పద్దెనిమిది రాగానే నా బండి మీదే నేర్పాను. మలుపులోకి వంగేటప్పుడు భుజాలు బిగించకూడదే, చూపు ఎటు పోతే బండి అటు పోతుంది, లోయకేసి చూడకు, రోడ్డు ఎక్కడికి పోతోందో అక్కడికి చూడు. మొదటిసారి తనంతట తాను ఘాట్ ఎక్కి పైన హెల్మెట్ తీసినప్పుడు దాని మొహం చూడాలి మీరు. "అమ్మా, ఇన్నాళ్ళూ ఇదంతా నువ్వొక్కదానివే అనుభవించావా?" అంది. దానికీ బండి పిచ్చి ఎక్కేసిందని అర్థమైంది.

తోడు వచ్చి నాలుగో ఏడు దాటుతుండగా సంఘానికి ఉత్తరాలు రావడం మొదలయ్యాయి. నెప్పులొచ్చిన భార్యని తీసుకెళ్తుంటే బండి ఆగిపోయింది. గుండె పట్టుకున్న నాన్నని ఎక్కించుకుంటే ఆగిపోయింది. కొందరు తీసుకెళ్ళినవాళ్ళని తిరిగి తెచ్చుకోలేదు. రైడర్ చేతిలో ఒక స్విచ్చి ఉండాలి, అవసరమైతే తోడుని పక్కన పెట్టే హక్కు నడిపేవాడికి ఉండాలి అని సంఘం పోట్లాడింది. ఊరేగింపులు చేశాం, ఎండలో బండ్లు తోసుకుంటూ కలెక్టరేటు దాకా నడిచాం. చివరికి కమిటీ వేశారు. సోమవారం విచారణ.

అంతకు ముందు శనివారం ఎల్లాజీ అన్న కొట్టు మేడ మీద కూర్చున్నాం. మొత్తం నలభై ఒక్క ఉత్తరాలు. కళ్ళజోడు మర్చిపోయామని హైమ చేత చదివించుకుంటున్నాం. ముప్ఫై దాటాక అది ఆగింది.

"అమ్మా, చూశావా? ఆగినవాళ్ళందరూ ఎవరో ఒకర్ని ఎక్కించుకున్నారు. లేదంటే ఎవరి దగ్గరికో పరిగెడుతున్నారు. ఇదిగో, ఈయన్ని కుక్కలు తరిమాయట, ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నానని రాశాడు, ఆయన బండి ఆగలేదు. తన కోసం తాను భయపడితే దీనికి తెలీదా ఏటి?"

ఎల్లాజీ అన్న నాకేసి చూశాడు, నేను ఆయనకేసి చూశాను. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం చూపులు దించుకున్నాం. హైమని టీ తెమ్మని కిందికి పంపాక ఆయన గొంతు తగ్గించాడు.

"చెబితే పరువు పోద్ది చెల్లమ్మా. గ్లాసులు కడగలేక అబద్ధం నేర్పాం అని కమిటీ ముందు చెప్పమంటావా? సంఘం మాట ఇంక ఎవడు వింటాడు? స్విచ్చి మన హక్కు. హక్కుకి కారణం చెప్పక్కర్లేదు."

నేను తలూపాను. నలభై ఒక్క ఉత్తరాలు ఒళ్ళో పెట్టుకుని తలూపాను. అలా తల ఊపినందుకు నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

ఆదివారం హైమ పట్టుబట్టింది. "రేపంతా ఆఫీసుల్లోనే కూర్చోవాలి, ఇవాళ ఘాట్‌కి పోదాం అమ్మా." వారం కింద ఆరో మలుపు దగ్గర కొండ విరిగి బండరాళ్ళు పడ్డాయి. కార్లూ బస్సులూ ఆపేశారు. టూవీలర్లని మాత్రం సందులోంచి పోనిస్తున్నారు. అంటే ఘాటంతా మాదే. ఇద్దరం ఒకే బండి మీద బయలుదేరాం.

ఆ పొద్దు గురించి చెప్పకపోతే పాపం. వాన వెలిసి రోడ్డు నల్లగా తుడిచినట్టుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ ఇంజను చప్పుడు కొండకి కొట్టుకుని మా చెవుల్లోకే తిరిగొచ్చేది. నీడలోకి వెళ్తే చల్లగా, ఎండలోకి వస్తే మెత్తగా, తడిమట్టి వాసన. వెనక కూర్చుని హైమ నాతోపాటే వంగేది, నేను చెప్పక్కర్లేదు. బండి నడిపేవాళ్ళకి తప్ప ఇది తెలీదు. ఇద్దరు మనుషులు ఒక్క మాటైనా ఆడకుండా అన్నీ చెప్పుకోవచ్చు.

పైన ఇరవై మూడో మలుపు దాటి ఆగాం. హైమ లోయ చూడ్డానికి గడ్డిలోకి నాలుగడుగులు వేసింది. "అబ్బా" అంది, అంతే. కుడికాలి మడమ మీద రెండు చుక్కలు. గడ్డిలో లావుగా, మచ్చలమచ్చలుగా జారిపోతోంది రక్తపింజర.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. బండరాళ్ళ దాకా వస్తాం, ఇవతలికి రాలేం, అక్కడికి తీసుకురండి అన్నారు. పాము కరిచిన మనిషిని కదపకూడదని నాకూ తెలుసు. కానీ కిందికి పదహారు కిలోమీటర్లు, రోడ్డు మీద నరపురుగు లేదు. హైమని వెనక ఎక్కించుకుని గేరు వేశాను. రెండు ఫర్లాంగులు కూడా పోలేదు. బండి వేగం తగ్గింది, బుద్ధిగా పక్కకి జరిగింది, దీపాలు వెలిగి ఆరుతుండగా ఆగిపోయింది. చక్రాలు బిగుసుకున్నాయి. పల్లమే కదా అని తోశాను, కదల్లేదు.

పది నిమిషాలు నెమ్మదిగా ఉండాలి. నా వెనక నా కూతురు కాలు ఉబ్బుతోంటే నెమ్మదిగా ఉండాలట. కళ్ళు మూసుకున్నాను, దేవుణ్ణి తలుచుకున్నాను. మడమ దగ్గర్నుంచి నెత్తురు ఉండుండి కారుతోంది. నా చేతులు ఎవరివో అన్నట్టు వణుకుతున్నాయి.

అప్పుడు నా పాపమే నాకు దారి చూపించింది.

"హైమా, ముందు కూర్చో. నువ్వు నడపాలి."

"నేనా? కాలు మండిపోతోందమ్మా. చచ్చిపోతానేమోనని భయంగా ఉంది."

"భయపడు. అదే కావాలి. నీ ప్రాణం కోసం నువ్వు ఎంత భయపడ్డా దీనికి తెలీదు. తెలీకుండా నేనే చేశాను." మీటా, గ్లాసులూ, పదకొండు మాటా నాలుగు ముక్కల్లో చెప్పేశాను. "నీ గురించే భయపడు. నన్ను మాత్రం తలుచుకోకు."

అది నన్ను తిట్టలేదు. చేతులు పిడుల మీద పెట్టింది. బండి వదిలింది. నేను వెనక కూర్చుని రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాను. దిగుతున్నాం. కుడికాలు వెనక బ్రేకు మీద పెట్టలేక, ముందు బ్రేకుతోనే, ఎంత మెత్తగా పట్టిందో. ఇరవై, పంతొమ్మిది, పద్దెనిమిది. దాని వీపంతా చెమట. చిగుళ్ళలోంచి రక్తం వచ్చి గడ్డం మీదికి కారుతోంది.

పదహారో మలుపులో, "అమ్మా, నేను పోతే నువ్వు..." అని మొదలెట్టింది. బండి ఒక్కసారి తడబడి వేగం తగ్గింది.

నోరు తెరిచాను. ఏ తల్లీ అనకూడని మాటలు అన్నాను. "నాకేటే? నువ్వు లేకపోతే ఈ చాకిరీ తప్పుద్ది. మీ నాన్న పోతే బతకలేదా నేను? నువ్వు పోయినా శుభ్రంగా తింటాను, బండేసుకుని తిరుగుతాను. నీ సంగతి నువ్వు చూసుకో." గొంతు వణక్కుండా అన్నాను. ఆ అరగంటలో నేను చేసిన అన్నిటికంటే కష్టమైన పని అదే.

బండి మళ్ళీ అందుకుంది. పదిహేను, పధ్నాలుగు, పదమూడు. నమ్మింది అనుకున్నాను. నమ్మినందుకు బతుకుతుంది అనుకున్నాను, నమ్మిందే అని ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి.

పన్నెండో మలుపు దాటాక బండి మెల్లగా పక్కకి జరిగింది. ఆగింది. దీపాలు వెలిగి ఆరుతున్నాయి. హైమ తల ట్యాంకు మీదికి వాల్చేసింది. "సారీ అమ్మా," అంది. అంతకు మించి మాట్లాడే శక్తి లేదు దానికి.

నా చేతులు పెట్టి చూశాను. అంగుళం కదల్లేదు. దాన్ని వీపు మీద వేసుకుని నడిచాను. నడిచానో పరిగెత్తానో తెలీదు. బండరాళ్ళు దాటి స్ట్రెచర్‌తో అంబులెన్సు వాళ్ళు నాకు ఎదురొచ్చేసరికి గంటంబావు అయింది. ఆసుపత్రిలో మందు ఎక్కించారు, డాక్టర్లు చెయ్యాల్సిందంతా చేశారు. ఒక్క గంట ముందొచ్చుంటే అన్నారు. సాయంత్రం ఆరున్నరకి నా కూతురు పోయింది.

ఎల్లాజీ అన్న విచారణ వాయిదా వేయించాడు. పెద్దకర్మ అయిన మర్నాడు కమిటీ ముందు నిలబడి, మీకు చెప్పినట్టే అంతా చెప్పాను. మీట, టీ గ్లాసులు, నా పౌరుషం. నేను చెప్పడం అయ్యాక ఎల్లాజీ అన్న లేచాడు. అరవై ఏళ్ళ మనిషి, చేతులు కట్టుకుని, "ఆరు నెలలూ ప్రతి మలుపులోనూ భయపడ్డానండి. నా ప్రాణం కోసం ఒక్కసారి కూడా నొక్కలేదు," అన్నాడు. ఆయన వెనక ఇంకొకరు లేచారు. ఆ తర్వాత ఇంకొకరు. మిగిలిన పదకొండు మందీ లేచారు.

ఉమాకాంతం గారు బాగా వాడిపోయారు. నా బండిలోని తోడు రాసుకున్న కాగితం ఆయన చేతిలో ఉంది. బయటికి వచ్చాక వరండాలో దాన్ని నా ముందు పెట్టారు.

"రత్నం గారూ, మీరు తెలుసుకోవాలి. పైన ఆగినప్పుడు మీ చేతిలో భయం నూటికి డెబ్భై నాలుగు చూపించింది. అరవై దాటితే తోడు ఆపుతుంది. తర్వాత అమ్మాయి చెయ్యి. విషం ఎక్కుతోంది, ప్రాణభయం, నాడి నూట నలభై. తోడు దాన్ని ప్రశాంతం అని రాసుకుంది." ఆయన వేలు కిందికి జరిగింది. "పదహారో మలుపు నుంచి అంకె పెరుగుతూ వచ్చింది. యాభై తొమ్మిది దగ్గర మూడు మలుపులు అమ్మాయే దాన్ని ఆపి ఉంచింది. ఎలా ఆపిందో నాకు తెలీదు. పన్నెండో మలుపులో తొంభై ఆరు. ఇంత అంకె ఇప్పటిదాకా ఎక్కడా నమోదు కాలేదు."

కాగితం తీసుకుని ఆ అంకెలు నేనే మళ్ళీ చదివాను. నా మాట హైమ నమ్మలేదు. ఒక్క ముక్క కూడా నమ్మలేదు. శుభ్రంగా తింటాను, తిరుగుతాను అన్నానే, అంతా అబద్ధమని తెలిసే, నేనొక్కదాన్నే ఎలా ఉంటానో అని, మూడు మలుపులు పళ్ళ బిగువున భరించి, ఇంక భరించలేకపోయింది. నమ్మి ఉంటే బతికేది. నా పిల్ల నన్ను అంత బాగా ఎరిగి ఉండకపోతే బతికేది.

సంఘం గెలిచింది. వచ్చే ఉగాది నుంచి ప్రతి బండికీ స్విచ్చి, అది నొక్కే హక్కు నడిపేవాళ్ళదే. ఎల్లాజీ అన్న మొదటి స్విచ్చి నా బండికే పెడతానన్నాడు. వద్దన్నాను. రోజూ ఘాట్ ఎక్కుతున్నాను, ప్రతి మలుపులోనూ చచ్చేంత భయమేస్తోంది, చేతులు తడిసి పిడి జారుతోంది. నా బండికి స్విచ్చి అక్కర్లేదు. ఆ రోజు తర్వాత అది ఒక్కసారి కూడా ఆగలేదు.